శిఖరదర్శనానంతర యాత్ర: తొలిదశ మెలనోమా నిర్ధారణ – శ్రీశైల వాఙ్మయ నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

వ్యాధిని గురించి మన ప్రాచీన సాహిత్యం చేసిన ఆలోచన ప్రధానంగా బాధను ఆధారం చేసుకొన్నది. నొప్పి, జ్వరం, నీరసం, అంగవైకల్యం వంటివి ముందు అనుభవానికి వస్తాయి. వాటికి పేరు తరువాత వస్తుంది. ఆధునిక వైద్యం అనేక సందర్భాలలో ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. నొప్పి లేదు, పని ఆగలేదు, ఆకలి తగ్గలేదు. కానీ చర్మం మీది ఒక మచ్చను కోసి పరీక్షించిన వైద్యుడు దానికి భయంకరమైన పేరు పెట్టాడు. తొలిదశలో నిర్ధారణ అయిన మెలనోమా ఇటువంటి స్థితికి చక్కని ఉదాహరణ. ఇక్కడ మనిషిని మార్చేది బాధ కాదు, తెలివిడి. నిన్నటివరకు ఆరోగ్యవంతుడైన వ్యక్తి ఈ రోజు రోగి అయినాడా? మచ్చను పూర్తిగా తొలగించిన తరువాత తిరిగి ఆరోగ్యవంతుడు అయినాడా? ఈ రెండు ప్రశ్నలకూ వైద్యశాస్త్రం నుంచి మాత్రమే సమాధానం రాదు.

ఇటువంటి వ్యక్తి ముందు సమాజం సాధారణంగా మూడు కోరికలు ఉంచుతుంది. మొదటిది, కారణాన్ని తనలో వెతుక్కోమనడం. రెండవది, యోధునివలె పోరాడమనడం. మూడవది, ‘తీసివేశారు కదా, ఇక మరచిపో’ అనడం. ఈ మూడూ సానుభూతితోనే పుడతాయి. అయినా మూడూ ఆ వ్యక్తికి ఏదో ఒక మేరకు అన్యాయం చేస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు శ్రీశైల క్షేత్రంతో ముడిపడిన వాఙ్మయాన్ని ఆధారంగా స్వీకరిస్తుంది. శరీరమంటే ఏమిటి, దాని ఖండన ఏమిటి, దాని సిద్ధి ఏమిటి అనే ప్రశ్నలను తెలుగునాట ఇంత తీవ్రంగా ఆలోచించిన క్షేత్రం మరొకటి అరుదు. భ్రమరాంబా మల్లికార్జునుల ఈ క్షేత్రం నేడు నంద్యాల జిల్లాలో ఉన్నది. బాణుని కాదంబరిలోను, భవభూతి మాలతీమాధవంలోను శ్రీపర్వతం అద్భుతసిద్ధుల నెలవుగా కనిపిస్తుంది. 12వ శతాబ్దిలో వస్త్రాన్ని, దేహాభిమానాన్ని విడిచిన అక్కమహాదేవి కదళీవనంలో ఐక్యం పొందినదని శైవ సంప్రదాయం. దేహాన్ని అజరామరం చేయాలన్న రససిద్ధుడు, దేహాన్ని తుంచి అర్పించిన వీరుడు, దేహాన్ని నడిపించుకొని వచ్చిన యాత్రికుడు – ముగ్గురూ ఈ కొండమీదే కలుస్తారు.

వ్యాధి స్వరూపం

చర్మానికి రంగునిచ్చే వర్ణకకణాలలో (మెలనోసైట్లలో) పుట్టే క్యాన్సరు మెలనోమా. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3,25,000 కొత్త కేసులు, సుమారు 57,000 మరణాలు నమోదైనట్లు అంతర్జాతీయ అంచనా. తెల్లని చర్మం గల జనాభాలో ఇది ఎక్కువ. అక్కడ సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ప్రధాన కారణం. భారతదేశంలో ఇది అరుదు. అయితే మనవంటి జనాభాలో వచ్చినప్పుడు తరచు అరికాలు, అరచేయి, గోటి కింది చర్మం వంటి చోట్ల వస్తుంది. ఈ రకానికి ఎండతో సంబంధం బలంగా కనిపించదు.

ఈ వ్యాధిలో కాలాన్ని కొలిచే సాధనం మందం. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే రోగనిదానశాస్త్రవేత్త, కణితి చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్నదే రోగి భవిష్యత్తును అంచనా వేయడానికి ముఖ్యమైన కొలత అని చూపాడు. నేటికీ ఆ కొలత ఆయన పేరనే సాగుతున్నది. పై పొర దాటనిది శూన్యదశ. 0.8 మిల్లీమీటర్లకన్న తక్కువ మందం కలిగి, పుండు పడనిది మొదటిదశలో అతి ప్రారంభస్థాయి. అటువంటిదానిని చుట్టూ సుమారు ఒక సెంటీమీటరు ఆరోగ్యకరమైన చర్మంతో సహా కోసి తీసివేయడమే ప్రధాన చికిత్స. 2018 నుంచి అమలులో ఉన్న అమెరికా దశావిభజన పద్ధతి ఎనిమిదవ కూర్పుకు ఆధారమైన గణాంకాలలో, మొదటిదశ తొలి ఉపవిభాగానికి చెందినవారిలో ఈ వ్యాధివలన మరణించనివారు ఐదేళ్ళకు 99 శాతం, పదేళ్ళకు 98 శాతం. ఈ లెక్కలలో అధికభాగం శ్వేతజాతీయులవి. అరికాలి, గోటి మెలనోమాలు తరచు ఆలస్యంగా బయటపడతాయి. వాటి ఫలితాలు మొత్తంమీద అంత బాగా ఉండవు.

ఆలస్యానికి కారణం తేలికగానే అర్థమవుతుంది. అరికాలిని ఎవరూ రోజూ చూసుకోరు. చూసినా ముల్లు విరిగిందనో, ఆనెకాయ అనో, రాయి తగిలి రక్తం గడ్డకట్టిందనో అనుకొంటారు. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోటికింద వచ్చినది ఇటువంటి మెలనోమాయే. దానిని మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించినట్లు చెబుతారు. 1977లో వ్యాధి నిర్ధారణ అయింది. వేలిని తొలగించాలన్న సూచనను ఆయన అంగీకరించక, చిన్న శస్త్రచికిత్సతో సరిపెట్టుకొన్నాడు. 1981 మే 11న, 36 ఏళ్ళ వయసులో మరణించాడు. శివరాత్రికి, ఉగాదికి నల్లమల దారుల్లో వట్టికాళ్ళతో నడిచివచ్చే వేలాది జనుల పాదాలను తలచుకొంటే, అరికాలి మచ్చ అన్నది శ్రీశైల సందర్భంలో దూరపు విషయంగా తోచదు. నడక ఈ వ్యాధిని కలిగిస్తుందని దీని అర్థం కాదు. ఎన్నో గాయాలు మోసే పాదం మీద ఒక మచ్చ తేలికగా మరుగున పడుతుందని మాత్రమే అర్థం.

మచ్చను చదివే రెండు పద్ధతులు

తెలుగువారికి పుట్టుమచ్చ కొత్త చిహ్నం కాదు. సుశ్రుతుడు క్షుద్రరోగాలలో తిలకాలకం, జతుమణి మొదలైన చర్మచిహ్నాలను పేర్కొన్నాడు. సాముద్రికం మరో మార్గంలో నడిచి, మచ్చ ఏ అంగం మీద ఉంటే ఏ ఫలమో చెప్పింది. అరికాలి మచ్చకు దేశాటనమనీ, అరచేతి మచ్చకు ధనమనీ చెప్పుకొనే వాడుక పల్లెల్లో నేటికీ ఉన్నది. ఈ దృష్టిలో మచ్చ ఒక లిపి. రాసినది మారదు, చదవడమొక్కటే మిగులుతుంది.

రోగనిదానశాస్త్రం కూడా మచ్చను చదువుతుంది. ఇరుప్రక్కలా సమంగా లేకపోవడం, అంచులు చెదరడం, రంగు ఏకరీతిగా ఉండకపోవడం, వ్యాసం పెరగడం, కాలక్రమంలో మారడం – ఇవి ఆ పఠనానికి సూత్రాలు. పైకి రెండూ ఒకే పనిగా కనిపించినా వాటిలో మౌలికమైన భేదం ఉన్నది. సాముద్రికానికి మచ్చ స్థిరమైనది కాబట్టి అర్థవంతం. వైద్యానికి మచ్చ మారుతున్నది కాబట్టి అర్థవంతం. మొదటిది వ్యక్తిని గురించి ‘ఇలా జరుగుతుంది’ అని చెబుతుంది. రెండవది ‘ఇటువంటి వందమందిలో ఇంతమందికి ఇలా జరిగింది’ అని మాత్రమే చెప్పగలదు.

నిర్ధారణ విన్న వ్యక్తి సంక్షోభం చాలావరకు ఈ రెండు పఠనాలు కలిసిపోవడంవల్ల కలుగుతుంది. వైద్యుడు సంభావ్యతను చెబుతాడు. వినేవాడు తలరాతను వింటాడు. 98 శాతం అన్న మాట చెవిన పడగానే మనసు మిగిలిన రెండింటి దగ్గర నిలిచిపోతుంది. దీనిని అజ్ఞానమని తీసిపారవేయరాదు. సంఖ్య సమూహానికి సంబంధించినది. మరణం వ్యక్తికి సంబంధించినది. ఏ ఒక్క వ్యక్తీ 98 శాతం బతికి ఉండడు. ఈ అంతరాన్ని ఏ గణాంకమూ పూరించలేదు. కనుక తొలిదశ రోగి భయం హేతువిరుద్ధమన్న మాట అంత సులభంగా నిలవదు. ఆ భయం పరిమాణంలో అధికం కావచ్చు. ఆధారం లేనిది మాత్రం కాదు.

కర్మవిపాకమూ సారంగధరుడూ

‘నాకే ఎందుకు?’ అన్న ప్రశ్నకు మన సంప్రదాయంలో సిద్ధంగా ఉన్న సమాధానం కర్మ. మనుస్మృతి పదకొండవ అధ్యాయం పాపాలకూ శరీరలోపాలకూ ఒక పట్టికనే ఇస్తుంది. బంగారం దొంగిలించినవానికి గోళ్ళు చెడుతాయనీ, గురుపత్నీగమనం చేసినవానికి చర్మదోషం కలుగుతుందనీ అక్కడ ఉన్నది. తరువాతి కర్మవిపాక గ్రంథాలు ఈ పట్టికను విస్తరించాయి. కుష్ఠురోగం శాపంవల్ల వచ్చి, సూర్యశతకం చెప్పగా పోయిందని మయూరకవిని గురించిన ప్రతీతి. గోటికింద నల్లని చార కనిపించిన వ్యక్తి ఈ వాతావరణంలో పెరిగినవాడైతే, వైద్యుని మాటకు ముందే ఒక అభియోగపత్రం అతని మనసులో చదవబడుతుంది.

ఆధునికత ఈ నిందను తొలగించిందనుకోవడం పొరపాటు. అది భాషను మార్చింది. ఏమి తిన్నావు, ఎండలో ఎందుకు తిరిగావు, మనసులో బాధ ఎందుకు దాచుకొన్నావు అన్న ప్రశ్నలు అదే అభియోగానికి కొత్త రూపాలు. క్యాన్సరును రోగి స్వభావానికి ఫలంగా చూపే ధోరణిని సుసాన్ సొంటాగ్ 1978లో తన గ్రంథంలో తీవ్రంగా ఖండించినది ఇందుకే. పైగా మన జనాభాలో కనిపించే అరికాలి, గోటి మెలనోమాల విషయంలో వ్యక్తి ప్రవర్తనను వేలెత్తి చూపగల స్పష్టమైన కారణమే లేదు. నింద నిలవడానికి కావలసిన కనీస ఆధారం కూడా ఇక్కడ లభించదు.

ఈ సందర్భంలో చరకుని వైఖరి గమనార్హం. విమానస్థానంలో ఆయుర్దాయాన్ని చర్చిస్తూ, అది దైవం, పురుషకారం రెండింటిమీదా ఆధారపడుతుందని చరకసంహిత చెబుతుంది. ఆయువు ముందే పూర్తిగా నిర్ణయమైతే మందులకు, పథ్యాలకు ప్రయోజనమే ఉండదన్నది అక్కడి వాదం. చికిత్సాశాస్త్రం తన ఉనికి కోసమే నియతివాదాన్ని కొంత సడలించవలసి వచ్చింది. అంటే కర్మసిద్ధాంతం సంప్రదాయంలో ఏకైక స్వరం కాదు.

అంతకన్న బలమైన ప్రతిస్వరం శ్రీశైల వాఙ్మయంలోనే ఉన్నది. శ్రీశైల భిక్షావృత్తి మఠాధిపతి ప్రేరణతో 15వ శతాబ్దిలో గౌరన ద్విపదలో రచించిన నవనాథచరిత్రలోని సారంగధరుని కథ తెలుగువారికి సుపరిచితం. తరువాతి కవులు దానిని రాజమహేంద్రవరానికి ముడిపెట్టారు. 17వ శతాబ్దిలో చేమకూర వేంకటకవి దానిని ప్రబంధంగా తీర్చాడు. పావురం కోసం సవతితల్లి మందిరంలో అడుగుపెట్టిన రాజకుమారుడు అసత్యారోపణకు గురై, తండ్రి ఆజ్ఞతో కాళ్ళూచేతులూ కోల్పోతాడు. సిద్ధుడైన మీననాథుని అనుగ్రహంతో తిరిగి అంగాలు పొంది చౌరంగి అవుతాడు.

ఈ కథను సిద్ధమహిమకు నిదర్శనంగా చదవడం పరిపాటి. నైతికదృష్టితో చూస్తే దాని కేంద్రం వేరేచోట ఉన్నది. సారంగధరుడు నిర్దోషి అన్న సంగతి పాఠకునికి మొదటినుంచీ తెలుసు. తెగిపడిన అంగాలను చూసి దోషాన్ని ఊహించే హక్కు పాఠకునికి కథ ఇవ్వదు. శరీరానికి కలిగిన హాని, మనిషి చేసిన తప్పు – ఈ రెండింటి మధ్య సంప్రదాయం వేసిన ముడిని ఈ కథ విప్పుతుంది. అంగాలు తిరిగి మొలవడమనే ముగింపు నేటి రోగికి అందుబాటులో లేదు. కానీ ఖండనకూ పునరుద్ధరణకూ మధ్య సారంగధరుడు గడిపిన కాలం అందుబాటులో ఉన్నది. ఆ కాలంలో అతడు లోకం దృష్టిలో నేరస్థుడు, శరీరరీత్యా ఖండితుడు, అయినా నైతికంగా అఖండుడు. తొలిదశ రోగి తనను తాను చూసుకోవడానికి ఈ మూడవ మాట కావాలి.

వీరశిరోమండపమూ యుద్ధరూపకమూ

నిందను తోసిపుచ్చిన సమాజం సాధారణంగా అందించే ప్రత్యామ్నాయం వీరత్వం. ‘క్యాన్సరుపై పోరాటం’, ‘క్యాన్సరును జయించిన వీరుడు’ వంటి పదబంధాలు పత్రికాభాషలో స్థిరపడ్డాయి. శ్రీశైలానికి శరీరంతో ముడిపడిన వీరత్వం కొత్త కాదు. 14వ శతాబ్ది ఉత్తరార్ధంలో రెడ్డిరాజు అనవేముడు నిర్మించిన వీరశిరోమండపంలో భక్తవీరులు తలలను, నాలుకలను తామే ఖండించుకొని మల్లికార్జునునికి అర్పించేవారని శాసనాధారం. సారంగధరుని అంగఖండన శిక్ష. వీరుల అంగఖండన అర్పణ. కత్తి ఒకటే, సంకల్పం అర్థాన్ని మార్చింది.

శస్త్రచికిత్సలో తీసివేసే చర్మఖండం, అవసరమైతే తొలగించే వేలు, ఈ రెండు కోవలలో దేనికి చెందుతుంది? శిక్ష కాదని పైన చూశాం. అర్పణ కూడా కాదు; దానిని స్వీకరించే దైవం లేదు, దానివల్ల లభించే కీర్తి లేదు. అది వ్యక్తి తన జీవితం కోసం, భయపడుతూనే, అంగీకరించిన నష్టం. ఈ మూడవ రకపు ఖండనకు మన సాహిత్యభాషలో స్థిరమైన పేరు లేదు. పేరు లేకపోవడంవల్లనే దానిని వీరత్వపు చట్రంలో ఇమిడ్చే ప్రయత్నం జరుగుతున్నది.

యుద్ధరూపకంలో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది తర్కానికి సంబంధించినది. తొలిదశలో కణితిని తీసివేసిన తరువాత ఎదుట శత్రువు కనిపించడు. యుద్ధం ముగిసిందని ప్రకటించడానికీ వీలులేదు, కొనసాగించడానికీ ప్రత్యర్థి లేడు. అలసిన సైనికునివలె వ్యక్తి తన శరీరాన్నే అనుమానించడం మొదలుపెడతాడు. ప్రతి మచ్చా గూఢచారి అవుతుంది. రెండవది నీతికి సంబంధించినది. యోధునికి భయం చెప్పుకొనే స్వేచ్ఛ ఉండదు. వ్యాధి తిరిగి వస్తే అది ఓటమి అవుతుంది. ఓటమికి బాధ్యత మళ్ళీ రోగిదే అవుతుంది. కర్మవాదం ముందుద్వారం నుంచి తెచ్చిన నిందను యుద్ధరూపకం దొడ్డిదారిన తెస్తుంది.

అరిస్టాటిల్ ధైర్యాన్ని భయరాహిత్యంగా నిర్వచించలేదు. భయపడదగినదానికి, తగిన కారణంతో, తగిన మేరకు భయపడుతూ నిలబడడమే ఆయన దృష్టిలో ధైర్యం. ఈ నిర్వచనం తొలిదశ రోగికి వీరశిరోమండపపు వీరత్వంకన్న ఎక్కువ న్యాయం చేస్తుంది. శస్త్రచికిత్స బల్లపై వణుకుతూ పడుకొన్నవాడు, ఆరునెలల తరువాత పరీక్షకు వెళ్ళే ముందు రాత్రి నిద్రపట్టనివాడు, అయినా వెళ్ళినవాడు – ధైర్యవంతుడే.

సిద్ధరసమూ నిశ్చయకాంక్షా

మూడవ కోరిక మరచిపోవడం. దీని వెనుక ఉన్నది నిశ్చయకాంక్ష. ‘పూర్తిగా పోయిందా, మళ్ళీ రాదని చెప్పగలరా?’ అన్న ప్రశ్న వైద్యునికి ప్రతిదినం ఎదురయ్యేదే. ఈ ప్రశ్నకు అవునని సమాధానం చెప్పగల విద్య కోసమే శ్రీశైల రససిద్ధులు శ్రమించారు. పాదరసాన్ని బంధించి దేహాన్ని జరామరణాలకు అతీతం చేయడం వారి లక్ష్యం. నిత్యనాథసిద్ధుని రసరత్నాకరం శ్రీపర్వతాన్ని ఇటువంటి సాధనలకు స్థానంగా వర్ణిస్తుంది.

సిద్ధనాగార్జునుని కథ ఈ కాంక్షకు హద్దును చూపుతుంది. బౌద్ధ దార్శనికుడైన నాగార్జునుడూ, రసవాది అయిన నాగార్జునుడూ కథాసంప్రదాయంలో కలిసిపోయారు. 7వ శతాబ్దపు చీనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ వృత్తాంతంలోను, 11వ శతాబ్దపు సోమదేవుని కథాసరిత్సాగరంలోను ఒక కథ స్వల్పభేదాలతో కనిపిస్తుంది. నాగార్జునుని ఔషధంవల్ల రాజు వృద్ధుడు కాకుండా ఏళ్ళతరబడి పాలిస్తాడు. యువరాజులకు సింహాసనం దక్కదు. చివరికి తల్లి ప్రోద్బలంతో యువరాజు నాగార్జునుని దగ్గరకు వెళ్ళి ఆయన శిరస్సునే దానంగా కోరుతాడు. ఆయన ఇచ్చివేస్తాడు. మరణాన్ని నిలిపివేసినవాడు మరణాన్ని తానే అంగీకరించడంతో కథ ముగుస్తుంది. అంతంలేని ఆయువు ఇతరుల కాలాన్ని ఆక్రమిస్తుందన్న భావం ఇందులో స్పష్టం.

రోగి కోరేది అమరత్వం కాదు, కొన్ని దశాబ్దాల సాధారణ జీవితం మాత్రమే కదా అని ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. అది న్యాయమైనదే. కానీ నిశ్చయకాంక్ష స్వభావం వేరు. నిర్ధారణకు ముందు కూడా ఆ వ్యక్తికి రేపటిని గురించి హామీ లేదు. హామీ లేదన్న సంగతి మాత్రం తెలియదు. వ్యాధి అతనినుంచి నిశ్చయాన్ని తీసుకోలేదు. నిశ్చయం ఉన్నదన్న భ్రమను తీసుకొన్నది. ఈ నష్టం నిజమైనదే. దానిని దుఃఖించడమూ సహజమే. అయితే పోయినదేమిటో సరిగా గుర్తిస్తే తిరిగి కోరవలసినదేమిటో కూడా స్పష్టమవుతుంది. కోరవలసినది సిద్ధరసం కాదు. హామీ లేకుండానే బతకగల నేర్పు.

సంయుత్తనికాయంలోని శల్యసూత్రం ఇచ్చిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. మొదటి బాణం శరీరానికి తగిలేది. రెండవది దానిపై మనసు తనకు తాను వేసుకొనేది. తొలిదశ రోగి విషయంలో ఈ ఉపమానాన్ని కొంత సవరించుకోవాలి. ఇక్కడ మొదటి బాణం దాదాపు నొప్పి లేనిది, బాధంతా రెండవదే. అందుచేత ‘రెండవ బాణాన్ని వదిలెయ్యి’ అన్న ఉపదేశం అతనికి ‘నీ బాధ నీ కల్పనే’ అన్నట్టు వినిపించవచ్చు. ఉపదేశం నిజమైనా, బయటివారు చెప్పినప్పుడు అది నిందగా మారుతుంది. రెండవ బాణాన్ని గుర్తించవలసినది తగిలినవాడే.

శిఖరదర్శనమూ యాత్రా

నింద, యుద్ధం, విస్మృతి – ఈ మూడింటికీ భిన్నమైన నమూనాను శ్రీశైల యాత్ర సూచిస్తుంది. దోర్నాల దిశనుంచి ఘాటుదారిలో వచ్చే యాత్రికునికి ఆలయంకన్న ముందు శిఖరేశ్వరం వస్తుంది. అక్కడ నంది కొమ్ముల మధ్యనుంచి శ్రీశైలశిఖరాన్ని చూస్తే పునర్జన్మ ఉండదని విశ్వాసం. తర్కం ప్రకారమైతే యాత్ర అక్కడే ముగియాలి. పొందవలసిన అభయం లభించింది. కానీ శిఖరం చూసి వెనుదిరిగే యాత్రికుడు లేడు. మిగిలిన దూరాన్ని కూడా నడుస్తాడు. దారిలో సాక్షిగణపతి దగ్గర ఆగుతాడు. వచ్చినవారి పేర్లు రాసుకొని వారి రాకకు సాక్ష్యం చెబుతాడని ప్రతీతి గల ఆ గణపతికి మొక్కి, తరువాత ఆలయానికి చేరుతాడు.

ఈ క్రమంలో తొలిదశ రోగికి ఉపకరించే రెండు అంశాలు ఉన్నాయి. మొదటిది, అభయం నడకను రద్దు చేయదు. గణాంకాలు ఇచ్చే ధైర్యం శిఖరదర్శనం వంటిది. అది నిజమైనది, విలువైనది. అయినా తరువాతి దూరం ఉన్నది. మూడు నెలలకో ఆరు నెలలకో పరీక్షలు, నెలకొకసారి అరికాళ్ళు, గోళ్ళు, వీపు చూసుకోవడం – ఇవి భయానికి చిహ్నాలు కావు, యాత్రలో భాగాలు. సమాజశాస్త్రవేత్త ఆర్థర్ ఫ్రాంక్ 1990లలో రాసిన రచనలలో, చికిత్స పొంది బాగున్నా పూర్తిగా నయమైనట్లు ఎన్నడూ పరిగణించబడనివారి సమూహాన్ని ‘ఉపశమన సమాజం’ అన్న అర్థం గల పేరుతో గుర్తించాడు. ఆరోగ్యానికీ రోగానికీ మధ్య సరిహద్దు దాటి ఒకేసారి ఇటువైపు రావడం వారికి కుదరదు. వారి స్థితికి యాత్ర అన్న పేరు యుద్ధంకన్న తగినది. యాత్రలో అలసట ఓటమి కాదు, ఆగడం లొంగుబాటు కాదు.

రెండవది సాక్షిత్వం. సాక్షిగణపతి యాత్రికుని మోయడు, దారి తగ్గించడు, తొందరపెట్టడు. వచ్చాడని రాసుకొంటాడు. రోగి చుట్టూ ఉన్నవారు చేయగల ఉత్తమమైన పని ఇదే కావచ్చు. ‘ఏమీ కాదులే’ అనడం సాక్ష్యం కాదు. అది దారిని కాదనడం. ‘ఎందుకొచ్చింది?’ అని అడగడం సాక్ష్యం కాదు, అది విచారణ. ‘నీవు భయపడుతున్నావు, పరీక్షకు వెళ్ళివచ్చావు, అది నాకు తెలుసు’ అనగలగడం సాక్ష్యం. కుటుంబసభ్యులు రోగికి చెప్పకుండా నివేదికను దాచే ఆచారం మన ఇళ్ళలో ఉన్నది. ప్రేమతోనే చేసినా, అది యాత్రికుని తన యాత్రనుంచి తప్పించడం. మచ్చను ప్రతినెలా చూసుకోవలసినవానికి మచ్చ ఏమిటో తెలియకపోతే ఆ చూపుకు అర్థం లేదు. తొలిదశ మెలనోమాలో సత్యం చెప్పడం నైతికధర్మం మాత్రమే కాదు, చికిత్సలో భాగం కూడా.

యాత్ర కూడా రూపకమే కదా, సొంటాగ్ విమర్శ దీనికి వర్తించదా అన్నది తప్పక చర్చించవలసిన ఆక్షేపం. పైగా యాత్రికుడు తన ఇచ్ఛతో బయలుదేరతాడు. రోగిని ఎవరూ అడగలేదు. ఈ భేదం నిజం. రోగం ఒక వరమనీ, దానివల్ల మనిషి ఉన్నతుడు అవుతాడనీ చెప్పడానికి యాత్రారూపకాన్ని వాడితే అది కూడా అన్యాయమే. ఇక్కడ ప్రతిపాదించినది అంతకన్న పరిమితమైనది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణం శ్రీశైలయాత్రను ఒంటరి సాధకుని ఆరోహణగా కాక, జనసమూహపు ప్రయాణంగా చిత్రిస్తుంది; జనం పాడుకొనే పదాలలో పర్వతపదాలను కూడా ఆయన పేర్కొన్నాడు. అక్కడ కష్టం ఉన్నది, పాట ఉన్నది, తోడు ఉన్నది. ఎవరూ ఎవరినీ జయించరు. యాత్రారూపకంనుంచి స్వీకరించవలసినది గమ్యపు మహిమను కాదు. కష్టాన్ని పంచుకొనే ఈ రీతిని.

పంపకమూ న్యాయమూ

తోడు అన్న మాట వ్యక్తిగత నీతినుంచి సామాజిక న్యాయానికి దారితీస్తుంది. 14వ శతాబ్దిలో ప్రోలయవేమారెడ్డి శ్రీశైలానికి, అహోబలానికి మెట్లు కట్టించాడు. కొండ ఎత్తు తగ్గలేదు. ఎక్కగలవారి సంఖ్య పెరిగింది. తొలిదశ నిర్ధారణ కూడా ఇటువంటి మెట్టే. అది అందరికీ సమానంగా లేదు. అమెరికాలో గత 40 ఏళ్ళలో మెలనోమా నిర్ధారణలు సుమారు ఆరు రెట్లు పెరిగినా మరణాలు దాదాపు స్థిరంగా ఉన్నాయనీ, ప్రమాదం లేనివాటిని కూడా వ్యాధిగా గుర్తిస్తున్నారేమోననీ 2021లో పరిశోధకులు ప్రశ్నించారు. అక్కడ సమస్య అతిగా చూడడం. నల్లమల పల్లెలలో సమస్య చూసేవారే లేకపోవడం. పెంటలలో నివసించే చెంచుకు, రాళ్ళపొలంలో పనిచేసే కూలీకి అరికాలి మచ్చను చర్మవైద్యునికి చూపించడమంటే నంద్యాలకో కర్నూలుకో ఒక రోజు కూలి పోగొట్టుకొని ప్రయాణించడం.

కనుక తొలిదశలో బయటపడినవాని నైతికస్థితిలో అదృష్టం కూడా ఒక అంశం. తనకు లభించినది అందరికీ లభించలేదన్న ఎరుక అతనిలో అపరాధభావాన్ని కలిగించనక్కరలేదు, బాధ్యతను కలిగించవచ్చు. తన మచ్చను దాచుకోకుండా చెప్పడం, ఇంటివారి పాదాలు చూడమనడం, మానని నల్లమచ్చను ఆనెకాయగా కొట్టివేయవద్దనడం – ఇవి చిన్నవిగా కనిపించే మెట్లు. వ్యాధిని అవమానంగా భావించే సమాజంలో ఈ మాట చెప్పడానికీ ధైర్యం కావాలి. నిందను తొలగించనిదే ఆ ధైర్యం రాదు. ఈ విధంగా కర్మనిందను తిరస్కరించడం కేవలం రోగి మనశ్శాంతికి సంబంధించినది కాక, ఇతరుల ప్రాణరక్షణకు సంబంధించినది అవుతుంది.

ఉపసంహారం

తొలిదశ మెలనోమా నిర్ధారణ మనిషిని ఆరోగ్యానికీ రోగానికీ మధ్య నిలబెడుతుంది. ఆ స్థితిలో నేరం వెతకడం సారంగధరుని మరోసారి ఖండించడమే. వీరత్వాన్ని శాసించడం అతని భయాన్ని నేరంగా మార్చడం. నిశ్చయాన్ని వాగ్దానం చేయడం సిద్ధరసాన్ని అమ్మడం. వీటికి బదులుగా చేయదగినవి మూడు: వ్యాధిని తప్పునుంచి విడదీయడం, భయానికి స్థానమిస్తూనే చేయవలసిన పనిని చేయడం, పక్కనున్నవారు సాక్షులుగా నిలవడం.

శ్రీశైల వాఙ్మయం ఈ వ్యాధిని ఎరుగదు. కానీ ఖండితమైన దేహానికీ కలుషితమైన మనిషికీ భేదముందని అది ఎరుగును. దేహాన్ని శాశ్వతం చేయాలన్న కోరికకు హద్దున్నదని ఎరుగును. అభయం పొందినవాడు కూడా మిగిలిన దారి నడవవలసిందేననీ, ఆ దారిలో అతడు ఒంటరి కానక్కరలేదనీ అక్కడి యాత్రాక్రమం బోధిస్తుంది. వైద్యం మచ్చ మందాన్ని కొలుస్తుంది. ఆ కొలత తరువాతి జీవితాన్ని ఎలా నడవాలన్న ప్రశ్న రోగితోపాటు అతని సమాజానిది, భాషది కూడా. ఆ నడకకు తగిన మాటలను వెతకడం సాహిత్య అధ్యయనం చేపట్టవలసిన పని.